అణుపరీక్షల ధూళి తెచ్చిన జబ్బుకు అమెరికా ప్రభుత్వ పరిహారం: దరఖాస్తు ఎలా చేయాలి

అణుపరీక్షల ధూళివల్ల, అణువ్యర్థాలవల్ల జబ్బుపడ్డవాళ్ళకు పరిహారమిచ్చే అమెరికా చట్టం 2025 జులై 4న మళ్ళీ అమల్లోకి వచ్చినప్పటినుంచి నన్ను అడిగేవాళ్ళు అటూ ఇటుగా ఇవే అడుగుతున్నారు. "మా అబ్బాయి అత్తగారు యూటాలో పుట్టి పెరిగారు. రొమ్ము క్యాన్సర్ వచ్చి తగ్గింది. ఆవిడకు డబ్బు వస్తుందా?" "మేము సెయింట్ లూయిస్ దగ్గర మేరీలాండ్ హైట్స్‌లో ఆరేళ్ళున్నాం, ఇప్పుడు డాలస్‌లో ఉంటున్నాం. మా ఆయనకు థైరాయిడ్ క్యాన్సర్. మేము పెట్టుకోవచ్చా?" "ఒకాయన కాగితాలన్నీ తానే చూసుకుంటానని ముప్ఫై శాతం అడుగుతున్నాడు. ఇవ్వచ్చా?"

మొదటి ఆవిడ 1962 నవంబర్ 6కు ముందు కనీసం ఏడాది అక్కడ ఉండి ఉంటే తప్పకుండా దరఖాస్తు పెట్టాలి. రెండోవాళ్ళు అప్పుడున్న ఇంటి జిప్ కోడ్ చూసుకోవాలి, అవకాశం బాగానే ఉంది. మూడోది మాత్రం ఇవ్వకండి. అంత తీసుకోవడం చట్టవిరుద్ధం.

చట్టం పేరు రేడియేషన్ ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ యాక్ట్, అందరూ రెకా అంటారు. 1951 నుంచి 1962 దాకా నెవాడా ఎడారిలో దాదాపు వంద అణుబాంబులను ఆరుబయట పేల్చి చూశారు. ఆ ధూళి గాలివాటున యూటా, ఇడాహో, అరిజోనాల మీద పడింది. గడ్డి మీద పడిన రేడియోధార్మిక అయోడిన్ ఆవుల కడుపులోకి, పాలలోకి, ఆ పాలు తాగిన పిల్లల థైరాయిడ్ గ్రంథిలోకి చేరింది. అలా గాలివాటున ఉండి జబ్బుపడ్డవాళ్ళను డౌన్‌విండర్లు అంటారు. వాళ్ళకోసం 1990లో ఈ చట్టం వచ్చింది. 1945 జులై 16న ప్రపంచంలోనే మొదటి బాంబు పేలింది న్యూ మెక్సికోలో అయినా, ఆ చుట్టుపక్కల పల్లెలవాళ్ళను అందులో చేర్చలేదు. వాళ్ళను చేర్చడానికి 35 ఏళ్ళు పట్టింది. ఆ లోపు పోయినవాళ్ళెందరో. 2024 జూన్‌లో చట్టం గడువు తీరి మొత్తం ఆగిపోయింది, మరుసటి ఏడు ఇంకా ఎక్కువమందిని కలుపుకుని తిరిగి వచ్చింది. మళ్ళీ ఆగిపోదన్న భరోసా లేదు కాబట్టి ఆలస్యం చేయకండి. దరఖాస్తులకు చివరి తేదీ 2027 డిసెంబర్ 31.

ఇంకో సంగతి, అన్నిటికంటే ముఖ్యమైనది. మీ జబ్బు ఆ ధూళివల్లే వచ్చిందని మీరు నిరూపించనక్కర్లేదు. ఒంట్లోకి ఎంత రేడియేషన్ వెళ్ళిందో లెక్క చెప్పనక్కర్లేదు. ఎక్కడున్నారు, ఎప్పుడున్నారు, ఏ జబ్బు వచ్చింది అన్న మూడింటినీ కాగితాలతో చూపిస్తే చట్టమే కారణాన్ని ఒప్పుకుంటుంది. ఇది తెలియక చాలామంది డాక్టర్ల చుట్టూ "రేడియేషన్ వల్లే వచ్చింది అని రాసివ్వండి" అంటూ నెలలకొద్దీ తిరుగుతున్నారు. ఆ ఉత్తరం ఎవరూ అడగరు. అదే సమయం పాత స్కూలు రికార్డు వెతకడానికి పెడితే పని అయిపోతుంది.

మీరు ఏ కోవలోకి వస్తారు

డౌన్‌విండర్లు: యూటా, ఇడాహో, న్యూ మెక్సికో రాష్ట్రాలు మొత్తం, నెవాడా, అరిజోనాల్లో కొన్ని కౌంటీలు. 1951 జనవరి 21 నుంచి 1962 నవంబర్ 6 లోపు కనీసం ఒక ఏడాది అక్కడ ఉండి ఉండాలి. న్యూ మెక్సికోకైతే లెక్క 1944 సెప్టెంబర్ 24 నుంచే మొదలవుతుంది. ఏడాది లేకపోయినా 1962 జూన్ 30 నుంచి జులై 31 దాకా మొత్తం అక్కడే ఉన్నా సరిపోతుంది. పరిహారం లక్ష డాలర్లు. మనిషి పోయి ఉంటే వారసులకు కూడా అంతే.

అణువ్యర్థాల ప్రాంతాలవాళ్ళు: తెలుగువాళ్ళకు నేరుగా తగిలేది ఇదే. బాంబు తయారీ కోసం సెయింట్ లూయిస్‌లో యురేనియం శుద్ధి చేశారు. ఆ వ్యర్థాలను విమానాశ్రయం దగ్గర గుట్టలుగా పోస్తే కోల్డ్‌వాటర్ క్రీక్ వాగులో కలిశాయి. కొన్ని బ్రిడ్జ్‌టన్‌లోని వెస్ట్ లేక్ చెత్తకుప్పలోకి చేరాయి. మిస్సోరితో పాటు టెన్నెసీ, కెంటకీ, అలాస్కాల్లో చట్టం పేర్కొన్న జిప్ కోడ్‌లలో 1949 జనవరి 1 తర్వాత ఎప్పుడైనా కనీసం రెండేళ్ళు ఉండి, ఆ తర్వాత జబ్బు వచ్చినవాళ్ళు అర్హులు. "తర్వాత ఎప్పుడైనా" అంటే 2005లో హెచ్‌వన్ మీద వచ్చి అక్కడ అపార్ట్‌మెంట్‌లో ఉన్న కుటుంబం కూడా ఇందులోకి వస్తుందన్నమాట. పరిహారం 50,000 డాలర్లు, లేదా ఆ జబ్బుకు మీ జేబులోంచి పెట్టిన వైద్యఖర్చు, రెండింటిలో ఏది ఎక్కువైతే అది. మనిషి పోతే మాత్రం జీవిత భాగస్వామికి, వారు లేకపోతే పిల్లలందరికీ కలిపి 25,000 మాత్రమే. ఒక ప్రాణానికి కట్టిన ఈ ధర నాకు మింగుడుపడదు. కానీ చట్టం ఇలా ఉన్నప్పుడు జబ్బుమనిషి బతికుండగానే దరఖాస్తు పంపడం మన చేతిలో ఉంది.

పరీక్షల స్థలంలో పనిచేసిన సైనికులు, ఉద్యోగులు, 1942 నుంచి 1990 దాకా యురేనియం గనుల్లో, మిల్లుల్లో పనిచేసినవాళ్ళకు కూడా లక్ష డాలర్లు ఉన్నాయి. వాటికి ఫారాలు, రుజువులు వేరు. వాటి జోలికి ఇక్కడ వెళ్ళడం లేదు.

దగ్గర పెట్టుకోవలసినవి

- పాథాలజీ రిపోర్టు, అంటే బయాప్సీ లేదా ఆపరేషన్ తర్వాత ముక్కను పరీక్షించి ఇచ్చిన కాగితం
- అక్కడ ఉన్నట్టు చూపించే పాత కాగితాలు, కనీసం రెండు మూడు రకాలవి
- జనన ధృవపత్రం. పేరు మారితే పెళ్ళి ధృవపత్రం
- మనిషి పోయి ఉంటే మరణ ధృవపత్రం, దరఖాస్తుదారుకు ఆ మనిషితో బంధుత్వం చూపే కాగితాలు
- వ్యర్థాల కోవలోవాళ్ళకు ఆసుపత్రి బిల్లులు, మందుల రసీదులు

1. జబ్బు జాబితాలో ఉందో లేదో ముందు చూడండి

మిగతా పనంతా దీని మీదే ఆధారపడి ఉంది కాబట్టి మొదట ఇదే చేయండి. రక్త క్యాన్సర్, మల్టిపుల్ మైలోమా, లింఫోమా, థైరాయిడ్, రొమ్ము (మగవాళ్ళకు వచ్చినా సరే), అన్నవాహిక, జీర్ణాశయం, గొంతులోని ఫారింక్స్, చిన్నపేగు, పాంక్రియాస్, పైత్యనాళాలు, పిత్తాశయం, లాలాజల గ్రంథులు, మూత్రాశయం, మెదడు, పెద్దపేగు, అండాశయం, కాలేయం, ఊపిరితిత్తుల క్యాన్సర్లు ఉన్నాయి. వ్యర్థాల కోవలో వీటికి తోడు ఎముక, మూత్రపిండాల క్యాన్సర్లు కూడా కలుస్తాయి.

మినహాయింపులు చాలామందిని దెబ్బతీస్తాయి. రక్త క్యాన్సర్లలో క్రానిక్ లింఫోసైటిక్ ల్యుకేమియా లేదు. లింఫోమాల్లో హాడ్జ్‌కిన్స్ లేదు. కాలేయ క్యాన్సర్‌తో పాటు సిరోసిస్ గానీ హెపటైటిస్ బి గానీ ఉంటే ఒప్పుకోరు. ప్రోస్టేట్ లేదు. థైరాయిడ్‌లో క్యాన్సర్ కాని గడ్డలు, హైపోథైరాయిడ్ లేవు.

చట్టంలో క్యాన్సర్ల పేర్ల ముందున్న "ప్రైమరీ" అన్న మాట గమనించండి. క్యాన్సర్ మొదట పుట్టిన చోటునే లెక్కలోకి తీసుకుంటారు. ప్రోస్టేట్‌లో పుట్టి ఎముకకు పాకితే అది ఎముక క్యాన్సర్ కిందికి రాదు. ఇంట్లోవాళ్ళు చివర్లో కనబడ్డదాన్నే జబ్బు పేరుగా చెప్పడం మామూలు. అందుకే నోటిమాటను నమ్మి ఫారం నింపకండి, పాథాలజీ రిపోర్టు చూసి నింపండి.

2. ఎక్కడ, ఎప్పుడు అన్నది నెలలవారీగా రాసుకోండి

ఒక కాగితం మీద మూడు గళ్ళు గీయండి: ఏ నెల నుంచి ఏ నెల దాకా, ఏ ఇంట్లో, దానికి ఏ కాగితం ఉంది. మూడో గడి ఖాళీగా ఉన్న చోటే మీరు వెతకాలి.

వ్యర్థాల కోవలోవాళ్ళు ఊరు పేరు చూసి కాదు, జిప్ కోడ్ చూసి నిర్ణయించుకోవాలి. సెయింట్ లూయిస్ చుట్టుపక్కల మనవాళ్ళు ఎక్కువగా ఉండే 63043 (మేరీలాండ్ హైట్స్), 63044 (బ్రిడ్జ్‌టన్), 63304, 63368, 63367 జాబితాలో ఉన్నాయి. ఫ్లోరిసెంట్, హేజల్‌వుడ్ వైపు 63031, 63033, 63034, 63042 ఉన్నాయి. చెస్టర్‌ఫీల్డ్ 63017 లేదు, మన హిందూ గుడి ఉన్న 63011 లేదు. పక్క వీధిలో ఉన్నవాళ్ళకు వచ్చిందని మనకూ వస్తుందని అనుకోవద్దు. మీ పాత చిరునామా తీసి ఆ అయిదంకెలూ చూసుకోండి.

చట్టం అడిగేది అక్కడ "ఉండటం". ఇల్లు వేరేచోట ఉన్నా ఆ జిప్ కోడ్‌లోనే రోజూ ఉద్యోగం చేసినవాళ్ళు, బడికి వెళ్ళిన పిల్లలు ఆ కాగితాలను వదిలేయకూడదు.

3. సరైన ఫారం తీసుకోండి

ఈ పని చూసేది అమెరికా జస్టిస్ డిపార్ట్‌మెంట్‌లోని రేడియేషన్ ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ ప్రోగ్రాం. ఫారాలు వాళ్ళ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. 1-800-729-7327కు ఫోన్ చేసి అడిగినా పంపుతారు. ఒక్కో కోవకు ఒక్కో ఫారం. ఎవరి దగ్గరో దొరికిన పాత కాపీ నింపకండి. 2025కు ముందు ఫారాల్లో పాత ప్రాంతాలు, పాత గడువులే ఉంటాయి.

4. వైద్య కాగితాలు తెప్పించండి

ఆసుపత్రికి రాసేటప్పుడు "మెడికల్ రికార్డులు ఇవ్వండి" అని వదిలేస్తే కట్టలకొద్దీ నర్సుల నోట్సు వస్తాయి, కావలసిన ఒక్క కాగితం రాదు. "పాథాలజీ రిపోర్టు, డిశ్చార్జ్ సమ్మరీ, ఆపరేషన్ నోట్సు" అని పేరు పెట్టి అడగండి.

రికార్డులు చెరిపేశామన్నారా? అక్కడితో వదలకండి. ఆయా రాష్ట్రాల్లో క్యాన్సర్ రిజిస్ట్రీలు ఉంటాయి. యూటా రిజిస్ట్రీ 1966 నుంచి నడుస్తోంది. మరణ ధృవపత్రంలో రాసిన మరణ కారణం కూడా పనికొస్తుంది, దానికి తోడు డాక్టరు సారాంశం ఏదైనా ఉంటే ఇంకా మేలు.

చికిత్స ఇండియాలో జరిగితే త్వరపడాలి. మన నిబంధనల ప్రకారం డాక్టర్లు రికార్డులను మూడేళ్ళే దాచాలి. రోగి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. ఆ గడువు గుర్తుచేస్తూ రాతపూర్వకంగా అడగండి, సంతకం, ముద్ర ఉన్న కాపీ తీసుకోండి. ఫోన్‌లో వాట్సాప్ చేసిన ఫొటోను రుజువుగా పంపకండి.

5. నివాసం రుజువు చేయండి

నా అనుభవంలో దరఖాస్తులు ఎక్కువగా చిక్కుకునేది ఇక్కడే. ఎనభై ఏళ్ళ ఆవిడను "1955లో మీ కరెంటు బిల్లు ఉందా" అని అడిగితే ఏం చెబుతుంది? కానీ ఆవిడకు తెలియకుండా ఆవిడ పేరు ఎక్కిన పుస్తకాలు బోలెడు ఉంటాయి. వాటిని వెతకాలి.

పిల్లలుగా ఉన్నవాళ్ళకు స్కూలు రికార్డే మొదటి రుజువు. ఏ ఏడు ఏ తరగతి అని స్కూలు డిస్ట్రిక్టు ఆఫీసు నుంచి తీసుకోండి. హైస్కూలు ఇయర్‌బుక్ కూడా అడగండి. యూటావాళ్ళలో చాలామంది లాటర్ డే సెయింట్స్ చర్చికి చెందినవాళ్ళు. ఆ చర్చి తన సభ్యుల లెక్కలు పదిలంగా దాచింది, బాప్టిజం వివరాలతో సహా. ఊరి గ్రంథాలయాల్లో పాత సిటీ డైరెక్టరీలు, టెలిఫోన్ పుస్తకాలు ఉంటాయి. 1950 జనాభా లెక్కల కాగితాలు 2022 ఏప్రిల్‌లో అందరికీ తెరిచారు. న్యూ మెక్సికోవాళ్ళకు అవి సరిగ్గా కాలంలోకే వస్తాయి. ఉద్యోగం చేసినవాళ్ళకు సోషల్ సెక్యూరిటీ ఆఫీసు ఏ ఏడు ఏ యజమాని దగ్గర జీతం అందుకున్నారో వివరంగా ఇస్తుంది. భూమి పత్రాలు, ఓటర్ల జాబితా, తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ ఆ ఊళ్ళోనే పుట్టిన జనన ధృవపత్రాలు కూడా తోడు నిలుస్తాయి.

సెయింట్ లూయిస్ మనవాళ్ళకు పని తేలిక: లీజు ఒప్పందాలు, డబ్ల్యూటూలు (యజమాని ఏటా ఇచ్చే జీతం కాగితాలు), పిల్లల స్కూలు రికార్డులు, కరెంటు, గ్యాస్ బిల్లులు, డ్రైవింగ్ లైసెన్సు. లీజు కాపీ పారేసి ఉంటే ఆ అపార్ట్‌మెంట్ ఆఫీసుకు మెయిలు పెట్టండి. పన్ను రిటర్నుల ట్రాన్‌స్క్రిప్టు అమెరికా పన్నుల శాఖ ఐఆర్ఎస్ దగ్గర దొరుకుతుంది.

పక్కింటివాళ్ళ ప్రమాణపత్రం ఒక్కదాన్నే నమ్ముకుని పంపకండి. ఆనాటి కాగితం ఒక్కటి పది ప్రమాణపత్రాలకంటే గట్టిది.

6. పేర్లు కలుస్తున్నాయో చూడండి

మనవాళ్ళకు ఇది పెద్ద తలనొప్పి. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా, ఆసుపత్రి కాగితంలో "కె. వెంకటలక్ష్మి", లీజులో భర్త పేరు చివర తగిలించి ఇంకో రకం. చూసే అధికారికి ముగ్గురు మనుషుల్లా కనబడతారు. అన్ని కాగితాలూ బల్లమీద పరిచి, ఏ పేరు ఎక్కడ ఉందో రాసి, ఆ తేడాను ఎందుకొచ్చిందో ఒక పేజీలో వివరించి, పాస్‌పోర్టు కాపీతో కలిపి పెట్టండి.

జీవిత భాగస్వామిగా దరఖాస్తు పెట్టేవాళ్ళకు పెళ్ళి ధృవపత్రం తప్పనిసరి. డౌన్‌విండర్ల కోవలో మరణానికి ముందు కనీసం ఏడాదిపాటు భార్యాభర్తలై ఉండాలి. ఊళ్ళో పెళ్ళి చేసుకుని రిజిస్టరు చేయించని పెద్దవాళ్ళు ఇద్దరూ ఉండగానే సబ్ రిజిస్ట్రార్ దగ్గర చేయించుకోవాలి. తెలుగులో ఉన్న ధృవపత్రాలకు అనువాదకుడి సంతకంతో ఇంగ్లీషు అనువాదం జత చేయండి.

డౌన్‌విండర్ల వారసుల వరుస ఇది: ముందు భార్య లేదా భర్త, తర్వాత పిల్లలందరికీ సమానంగా, వాళ్ళూ లేకపోతే తల్లిదండ్రులు, మనవలు, తాతలు. అన్నదమ్ముల్లో ఒక్కరే పెట్టుకుని మిగతావాళ్ళ పేర్లు దాస్తే దరఖాస్తు మొత్తం ఆగుతుంది. అందరి పేర్లూ రాయండి.

7. పంపండి

జనన, వివాహ, మరణ పత్రాలు ప్రభుత్వ ముద్ర ఉన్న సర్టిఫైడ్ కాపీలై ఉండాలి. మామూలు జెరాక్సు సరిపోదు. పంపే కట్టను మొదటి పేజీ నుంచి చివరిదాకా స్కాన్ చేసి దాచుకోండి. చిరునామా: రేడియేషన్ ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ ప్రోగ్రాం, పీఓ బాక్స్ 146, బెన్ ఫ్రాంక్లిన్ స్టేషన్, వాషింగ్టన్ డీసీ 20044-0146. రసీదు వచ్చే పద్ధతిలో పోస్టు చేయండి.

కవరు అతికించే ముందు కట్టను ఏమీ తెలియని మూడో మనిషికిచ్చి మూడు ప్రశ్నలు అడగండి: ఈయన ఎక్కడున్నాడు, ఎప్పుడున్నాడు, ఏ జబ్బు? మీరు నోరు విప్పకుండా కాగితాలు చూసే ఆ మనిషి జవాబు చెప్పగలిగితే మీ దరఖాస్తు సిద్ధమైనట్టే.

8. మధ్యవర్తులకు చట్టం పెట్టిన హద్దు

లాయరు లేకుండా పెట్టుకోవచ్చు. పెట్టుకున్నా మొదటి దరఖాస్తుకు లాయరు తీసుకోగలిగేది వచ్చిన డబ్బులో 2 శాతం, అంటే లక్షకు రెండు వేలు. నిరాకరించినదాన్ని మళ్ళీ వేసేటప్పుడు 10 శాతం. అంతకుమించి తీసుకుంటే జరిమానా ఉంది. "ప్రాసెసింగ్ ఫీజు", "ఫైలు చార్జీ" అని ముందే అడిగేవాళ్ళకు మీ సోషల్ సెక్యూరిటీ నంబరు చెప్పకండి. యూటా, న్యూ మెక్సికో వైపు ప్రభుత్వ సహాయంతో నడిచే రెసెప్ క్లినిక్‌లలో ఉచితంగా ఆరోగ్య పరీక్షలు చేస్తారు, దరఖాస్తుకు కూడా సాయం చేస్తారు. పెద్దవాళ్ళను అక్కడికి తీసుకెళ్ళడం మేలు.

9. పంపాక ఏం జరుగుతుంది

మీ దరఖాస్తు అందినట్టు నంబరుతో ఉత్తరం వస్తుంది. ఆ నంబరు లేకుండా ఫోన్ చేస్తే పని జరగదు. నిర్ణయానికి చట్టం ఇచ్చిన గడువు 12 నెలలు. మధ్యలో "ఇంకా ఈ కాగితం కావాలి" అని ఉత్తరం వస్తే దాన్ని నిరాకరణ అనుకుని కుంగిపోకండి. అడిగినదాన్ని, అడిగిన తేదీలోపు, అంతవరకే పంపండి. మీరు జవాబివ్వడానికి తీసుకున్న రోజులు ఆ 12 నెలల్లో కలవవు. ఇల్లు మారితే వెంటనే కొత్త చిరునామా రాసి పంపండి.

మంజూరైతే ఒక అంగీకార పత్రం వస్తుంది. సంతకం చేసే ముందు చదవండి. ఈ డబ్బు తీసుకుంటే ఆ రేడియేషన్ విషయంలో అమెరికా ప్రభుత్వం మీద ఇంక కేసు వేయనని ఒప్పుకున్నట్టు. డబ్బు మీద ఫెడరల్ ఇన్‌కమ్ టాక్స్ పడదు, మెడికెయిడ్ లాంటి సాయాలకు దీన్ని ఆదాయంగా లెక్కించరు.

నిరాకరిస్తే ఉత్తరంలో కారణం ఉంటుంది. కాగితం చాలలేదన్నది కారణమైతే, కొత్త కాగితం సంపాదించి మళ్ళీ వేయడమే మంచి దారి. అలా మూడుసార్ల దాకా వేయవచ్చు. కాగితాలన్నీ ఉన్నా అధికారి తప్పుగా చదివారని మీకనిపిస్తే నిర్ణయం తేదీ నుంచి 60 రోజుల్లో అప్పీలు వాళ్ళకు చేరాలి. అప్పీలు కూడా పోతే ఫెడరల్ జిల్లా కోర్టు ఉంది. పాత రోజుల్లో "మీ ఊరు జాబితాలో లేదు" అని తిరిగొచ్చిన న్యూ మెక్సికో, ఇడాహో కుటుంబాలు ఆ పాత ఉత్తరం తీసి చూడండి. ఆ కారణం ఇప్పుడు లేదు. కొత్త ఫారంతో మళ్ళీ వేయండి.